నలభై ఒకటో పేజీ బొమ్మ

"తప్పు చూపితే డబ్బులిస్తామని పుస్తకంలో అచ్చేసుకున్నారంటే, తప్పులున్నట్టే కదరా? కరెంటు పుస్తకంలో తప్పుంటే మనిషి మిగుల్తాడేట్రా?" అన్నాను, మా లక్ష్ముడు ఆ పుస్తకం తెచ్చిన రోజే.

వాడు నవ్వాడు. "నీ బయాల్లో తప్పయినదానికల్లా అర్దరూపాయి సొప్పున నాకిచ్చినా ఈపాటికి ఇంకో మోటారు కొనుందునే అమ్మా."

బావి మోటార్లు బిగించుకోడం గురించిన పుస్తకమది. విజయనగరం కరెంటాఫీసులో ఓవర్సీరుగా చేసి రిటైరైన జానకిరామయ్య గారు రాశారు. దోషం రుజువు చేసినవారికి దోషానికి ఐదు రూపాయలని చివరి పేజీలో ఉంది. రాజాం పక్కనున్న మా ఊరికి కరెంటొచ్చి రెండేళ్లే అయింది. మావాడికి ఇరవై రెండేళ్లు. మోటారంటే పిచ్చి.

రెండు తప్పులు పట్టాడు, రెండూ అంకెల తప్పులే. మనియార్డరొచ్చింది. అప్పట్నుంచీ అన్నం తింటున్నా కంచం పక్కన ఆ పుస్తకమే.

మూడోది నలభై ఒకటో పేజీలో బొమ్మ. భూమిలోకి పోవలసిన తీగని కరెంటొచ్చే మరమేకుకి బిగించినట్టు వేశారట. అలా బిగిస్తే మోటారు ఒళ్లంతా కరెంటేనట. వాడు ఉత్తరం రాశాడు. "బొమ్మ సరియైనదే. కాదన్నచో బిగించి చూచి, ఇద్దరు సాక్షుల సంతకములతో పంపవలెను" అని జవాబొచ్చింది.

"రేపు సాయంత్రం నాలుక్కి కరెంటొస్తాది. మన ఈది కొండబాబు, సోములు సాక్షులు," అన్నాడు మావాడు.

"బావిలోకి దిగా?"

"మోటారక్కడే కదే ఉన్నాది. నేను ముట్టుకోను, బల్బు పెట్టి సూస్తాను. ఎలిగితే నేను గెలిసినట్టు."

"ఎలక్కపోతే?"

"పుస్తకం గెలిసినట్టు."

ఎవరు గెలిచినా, ఆ తడి రాళ్ల మీద నిలబడేది నా కొడుకే కదా.

మర్నాడు తెల్లారగానే బావిగట్టున మోటారు స్విచ్చిలుండే కొట్టంలోకెళ్లాను. అప్పుడు కరెంటుండదు. వాడు తీస్తుంటే చూసినట్టే పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి, కొంగున కట్టుకుని విజయనగరం పోయే మొదటి బస్సెక్కాను. బస్సులో కూర్చున్నాక తట్టింది. ఫ్యూజులు లేకపోతే తీగముక్క చుట్టి పని కానిచ్చేస్తాడు. అలా చుట్టడం కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్లేసరికి జానకిరామయ్య గారు వీధరుగు మీద పేపరు చదువుతున్నారు. ఆయన భార్య త్రిపురసుందరమ్మ గారు మజ్జిగ తెచ్చిచ్చారు. గ్లాసు పక్కనుంచాను. కొంగు విప్పి ఫ్యూజులు ఆయన ముందు పెట్టాను.

"బాబూ, నాకు బొమ్మలు తెలీవు. ఐదు రూపాయలొద్దు, ఆ ముందిచ్చిన పదీ తిరిగిచ్చేస్తాను. ఈ బొమ్మ తప్పని ఒక్క ముక్క రాసివ్వండి. సాయంత్రం నాలుగయితే నా కొడుకు బావిలోకి దిగుతాడు."

"ముప్పై ఏళ్లు చేశానమ్మా ఈ పని," అన్నారాయన.

"సేసుంటారు బాబూ. బొమ్మ సంగతి సెప్పండి."

పుస్తకం తెప్పించుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ తీశారు, చూశారు, మూసేశారు. కళ్లజోడు తీసి పంచెతో తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ త్రిపురసుందరమ్మ గారు నా వైపు చూడ్డం లేదు. ఆయన వైపే చూస్తున్నారు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నారావిడ.

వీధిలో ఒక బండి వచ్చింది, వెళ్లిపోయింది. నా మజ్జిగ గ్లాసు మీద ఈగ వాలింది. ఎండ అరుగెక్కి ఆయన పాదాల దాకా వచ్చింది.

"రుజువక్కర్లేదమ్మా," అన్నారు చివరికి, చాలా మెల్లగా. "పోయిన నెల, మీవాడి ఉత్తరానికి ముందే, కొత్తవలస వైపు నుంచి ఒక ఉత్తరమొచ్చింది. ఈ బొమ్మ చూసి మోటారు బిగించుకుని పోయినతని భార్య రాయించింది."