సర్దిన బోర్డు

చిందరవందరగా ఉన్నదేదైనా కంటబడితే నా చేతులు ఊరుకోవు. చుట్టాల ఇంటికి వెళ్తే వాళ్ళ పుస్తకాలు వరస చేస్తాను. హోటల్లో కూర్చుంటే చెంచాలన్నీ ఒకే వైపుకు తిప్పి పెడతాను. ఇదో జబ్బు అంటాడు మా నాన్న. మా ఆఫీసువాళ్ళు మాత్రం ఈ జబ్బుకే నాకు జీతమిస్తారు. పగలంతా కాగితాల్లో మునిగితేలే పరిశోధకులూ, విలేకరులూ, లాయర్లూ తాము పోగుచేసుకున్నదంతా కంప్యూటర్ తెర మీద పరుచుకుని చూసుకునేందుకు మేమొక బోర్డు తయారుచేస్తాం. ఒక్కో ఫోటో, ఒక్కో కాగితం తెర మీద ఒక్కో కార్డుగా కనబడుతుంది. ఆ కార్డులు ఎలా ఉండాలి, ఎలా కదలాలి, ఏ బటన్ ఎక్కడుండాలి అన్నది తేల్చేది నేను. పదకొండేళ్ళుగా అదే పని. అందులో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

మా మేనత్త మ్యూజియంలో పనిచేసేది. ఎప్పుడో మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ చరిత్రను పుస్తకంగా రాయమని ఆరేళ్ళ కిందట మ్యూజియంవాళ్ళు ఆవిడకి అప్పగించారు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళ ఇంటింటికీ తిరిగి, వాళ్ళు చెప్పింది రాసుకుని, పెట్టెల అడుగున పడి ఉన్న ఫోటోలూ ఉత్తరాలూ బతిమాలి తెచ్చుకుంది. అవన్నీ తన గదిలో నేల మీద కుప్పలుగా ఉండేవి. వాటి మధ్య పిల్లిలా అడుగులు వేసేది. ఇంకెవరైనా గుమ్మం దాటితే ఇల్లెగిరిపోయేలా అరిచేది. మా అత్తకి మాటలు కరువైన రోజు నేను చూడలేదు, నిరుడు వానాకాలం దాకా.

నిరుడు వానాకాలంలో ఆవిడ తలలో ఒక నరం మూసుకుపోయింది. కాలూ చెయ్యీ రెండు వారాల్లో తేరుకున్నాయి. మాటలే రాలేదు. అన్నీ తెలుసు, అందరూ తెలుసు, చదివితే అర్థమవుతుంది, పేరు మాత్రం నోటికి అందదు. "అది", "ఊఁ", "కాదు", మహా అయితే "ఇక్కడ". అంతే మిగిలాయి. మాటలు ఎక్కడికీ పోలేదనీ, అవి వచ్చే దారి మూసుకుపోయిందనీ, ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు.

ఆవిణ్ణి నా దగ్గరికి తెచ్చుకున్నాను. వంగకూడదన్నారు కాబట్టి నేల మీద కుప్పలు కుదరవు. సెలవు పెట్టి ఆ కాగితాలన్నిటినీ స్కాన్ చేసి మా బోర్డులోకి ఎక్కించాను. నాలుగు వందల పన్నెండు కార్డులు. వేలితో జరుపుకోగలిగే పెద్ద తెరొకటి ఆఫీసునుంచి అరువు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. మా బోర్డులో ఏ కార్డుకైనా ఒక పేరు రాస్తే తప్ప దాన్ని జరపనివ్వదు. "పేరు లేనిది రేపు వెతికితే దొరకదు" అని మీటింగులో బల్ల గుద్ది ఆ నియమం పెట్టించింది నేనే. పేరు రాయాల్సిన ఆ ఖాళీ గడిని చూస్తూ అత్త కూర్చుంది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే ఆ గడిని పీకి పారేశాను. ఆఫీసులో అడిగితే ప్రయోగమని చెప్పాను.

ఆ తర్వాత నాలుగు నెలలు అత్త రోజూ ఆ తెర ముందే. నాకు తీరిక ఉన్నప్పుడల్లా కాఫీ పట్టుకుని పక్కన చేరేదాన్ని. ఒక కార్డును పట్టి లాగి, ఇంకోదాని అంచుకు ఆనించి, నా వైపు చూసి "ఊఁ?" అనేది. నేనూ "ఊఁ" అనేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకేమీ అర్థమయ్యేది కాదు. కొన్ని కార్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి, కొన్ని పక్కకు ఒరిగి ఉండేవి, మధ్యలో జానెడు ఖాళీ. కోళ్ళు కెలికిన వాకిలి నయం. కానీ ఒక్కో ఫోటో దగ్గర ఆవిడ నవ్వేది, ఒక్కో ఉత్తరం దగ్గర వేలు ఆపి నిట్టూర్చేది. ఆ నవ్వు కోసమే కూర్చునేదాన్ని.

అలా ఉండగా మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం డైరెక్టరుగారు స్వయంగా వచ్చి పుస్తకం ఎంతవరకు వచ్చిందో చూస్తారట. ఒక రూపం రాలేదనిపిస్తే సామగ్రి అంతా వేరే రచయితకు ఇచ్చేస్తారట. మర్యాదగానే రాశారు. అత్త దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, "కాదు" అంది. అన్నం తింటూ మళ్ళీ "కాదు" అంది. ఇల్లు, ఉద్యోగం, కబుర్లు, పోట్లాటలు అన్నీ పోయాక ఆవిడ దగ్గర మిగిలింది ఆ పుస్తకమొక్కటే. అది కూడా పోతే ఆవిడ ఇక తెర ముందుకు రాదు, బహుశా మంచం కూడా దిగదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

శనివారం పొద్దున అత్త తనకి మాటలు మళ్ళీ నేర్పే టీచరు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో నేనూ ఆ బోర్డూ మిగిలాం. తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందని సామెత. నేను బోర్డు దగ్గరికి వెళ్ళాను. డైరెక్టరు వచ్చి ఈ గందరగోళం చూస్తే ఏమనుకుంటాడు? పైన కుడి మూలన "సర్దు" అని ఒక బటన్ ఉంటుంది. అది నా బిడ్డ. దాని రంగు కోసమే మూడు వారాలు పోట్లాడాను. ఆప్యాయంగా నొక్కాను. కార్డులన్నీ గాల్లోకి లేచి, ఫోటోలు ఒక చోట, ఉత్తరాలు ఒక చోట, మాటలు రాసుకున్న కాగితాలు ఒక చోట, తారీఖుల వరసన బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి. నా కళ్ళు చల్లబడ్డాయి.

అత్త వచ్చింది. "చూడత్తా, ఎంత చక్కగా కుదిరిందో!" అన్నాను.

చేతిలో సంచి అలాగే పట్టుకుని ఆవిడ తెర వైపు చూసింది. ఒక మూలకు వేలు చాపింది, అక్కడ ఉండాల్సినది లేదు. ఇంకో మూలకు చాపింది. ఆ వేలు దిక్కు తోచక వెతకడం చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. గబగబా "వెనక్కి" నొక్కాను. ఏమీ కదల్లేదు. కదలదు కూడా. కార్డులో రాసిన అక్షరం మారితే మా బోర్డు గుర్తుపెట్టుకుంటుంది, కార్డు ఎక్కడుండేదో గుర్తుపెట్టుకోదు. "ఎక్కడ పెట్టారన్నది సమాచారం కాదు, దాన్ని దాచడం దండగ" అని వాదించి ఒప్పించింది ఎవరనుకున్నారు?

ఒక్క కార్డు కూడా పోలేదు. నాలుగు నెలల పని మాత్రం పోయింది.

"అత్తా, నన్ను తిట్టు" అన్నాను ఏడుస్తూ. తిట్టడానికి ఆవిడ దగ్గర మాటలేవీ? తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను ఆఫీసుకు ఫోన్ చేసి, పాత కాపీలు వెతికించి, ఎక్కడా ఏమీ లేవని రూఢి చేసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. గంట తర్వాత తలుపు తెరుచుకుంది. అత్త ముఖం కడుక్కుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, పక్క కుర్చీ మీద చేత్తో తట్టింది.

అన్ని కార్డులనూ కిందికి దించి ఖాళీ చేసిన తెర మీదికి నేను ఒక్కో కార్డు తెచ్చాను. ఆవిడ వేలితో చోటు చూపించింది. "ఇక్కడ." మళ్ళీ "ఇక్కడ." ముప్పై కార్డులయ్యాక మొదటిసారి నేను వాటిని చదవడం మొదలుపెట్టాను. ఒకదాని మీద ఒకటి ఎక్కినవి ఒకే కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళవి. అంచులు ఆనుకున్నవి ఒకే రోజు గురించి ఇద్దరు చెప్పినవి. పక్కకు ఒరిగిన కార్డుల్లో చెప్పినదాన్ని అత్త పూర్తిగా నమ్మలేదు, నాకు కూడా అందులో కోతలు కనబడ్డాయి. మధ్యలో జానెడు ఖాళీ కొలిమి పేలిన సంవత్సరానిది. ఆ ఏడాది గురించి నోరు విప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఖాళీ చుట్టూ మనుషులందరూ దూరం దూరంగా నిలబడి ఉన్నారు. నా బటన్ ఆ ఖాళీని ఎనిమిది ఫోటోలతో పూడ్చేసింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఆదివారం సాయంత్రానికి మూడు వందల ముప్పై తొమ్మిది కుదిరాయి. మిగతావాటి దగ్గర ఆవిడ వేలు గాల్లో ఆగి, తిరిగి ఒళ్ళోకి వచ్చేసింది. డెబ్బై మూడు కార్డులు తెర అడుగున కుప్పగా మిగిలాయి.

సోమవారం పదిన్నరకు డైరెక్టరుగారు వచ్చారు. గొడుగు బయట దులిపి, చెప్పులు విడిచి, కుర్చీ అంచున కూర్చున్నారు. చాలాసేపు తెర చూశారు.

"ఎన్ని అధ్యాయాలమ్మా ఇవి?" అని అడిగారు.

అత్త పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు.

నాకు మాటలకేం లోటు? అధ్యాయాలు ఇవీ అని గడగడా చెప్పబోయాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. తనే లేచి వేలితో చూపించడం మొదలుపెట్టింది. ఈ కొలిమి, ఈ మనుషులు, ఈ ఖాళీ. ఖాళీ దగ్గర అరచెయ్యి మొత్తం ఆనించి నిలబడింది. డైరెక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అయినా ఆయన కన్ను అడుగున ఉన్న కుప్ప మీదే పడింది.

"మరి అవి? వాటిని ఏం చెయ్యాలో మేడంగారికి తోచడం లేదా?"

అత్త తల దించుకుంది. ఆయన చెయ్యి తన సంచిలోని అప్పగింత కాగితాల వైపు వెళ్ళడం నేను చూశాను.

"ఆవిడకి తోచక కాదు సార్" అన్నాను. "వాటికీ చోట్లుండేవి. మొన్న నేను మిడిమిడి జ్ఞానంతో ఒక బటన్ నొక్కి మొత్తం చెరిపేశాను. తప్పు నాది. రెండు రోజుల్లో ఆవిడ ఇంత మళ్ళీ పెట్టింది, ఒక్క మాట సాయం లేకుండా."

అత్త తిరిగి నన్ను చూసింది. కుప్పలోంచి ఒక కార్డు పైకి లాగి, నా చెయ్యి పట్టుకుని, నా వేలిని దాని మీద పెట్టింది.

"నేనా? నాకేం తెలుసత్తా?"

"ఊఁ" అంది.

గాజు ఊదే గొట్టం భుజాన వేసుకుని, మూతి సున్నాలా చుట్టిన ఓ కుర్రకుంక ఫోటో అది. నేను కాఫీ ఒలకబోసుకున్న రోజు అత్త దాన్ని పట్టుకుని పడీ పడీ నవ్వింది. అప్పుడు ఏ వైపు తిరిగి నవ్విందో నాకు గుర్తుంది. ఎడమవైపు, పైన, నలుగురు అన్నదమ్ముల కార్డులున్న చోట. కార్డును నెమ్మదిగా అక్కడికి లాక్కెళ్ళి వదిలాను. నిరుడు వానాకాలం నుంచి వినబడని ఆ పాత గొంతు నా చెవి పక్కనే విసుగ్గా పలికింది.

"అక్కడ కాదే పిల్లా, కాస్త ఇటు జరుపు."

అత్త ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకుంది. నేను ఆవిడ వైపు తిరగలేదు, తిరిగితే ఏడ్చేస్తాను. కార్డును కాస్త ఇటు జరిపాను. వెనక డైరెక్టరుగారు సంచి మూసి కింద పెట్టి, "తర్వాతది తియ్యమ్మా" అన్నారు.