మాస్టారి ఫ్రెంచి

వెంకటకృష్ణారావు మాస్టారికి ఫ్రెంచి వచ్చని బెజవాడలో పదిమందీ అనుకోవడానికి కారణం ఆయనే. హైదరాబాదులో రెండు నెలలు సాయంకాలం క్లాసుకు వెళ్ళి, మూడో నెల ఎగ్గొట్టిన మనిషి, పదిహేనేళ్ళుగా ఆ రెండు నెలల మీదే నెట్టుకొస్తున్నాడు. హిస్టరీ లెక్చరరు కదా, ఎవరడుగుతారు?

1994లో ఫిల్మ్ సొసైటీ వాళ్ళు ఫ్రెంచి సినిమాల పండగ పెట్టారు. అంతకు ముందు ఏడాది ఫ్రాన్సులో విడుదలైన సినిమాలు ఐదు, రోజుకొకటి. సెక్రటరీ నాసిర్‌కు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. మొదటిరోజు పొద్దున ఒక రీలు వేసి చూసుకుంటే, బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలే లేవు. పరుగున మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మా పరువు మీ చేతుల్లో ఉందండీ. మైకు పట్టుకుని కథ తెలుగులో చెప్పేయండి."

నాకు రాదయ్యా అనడానికి అదే సమయం. మాస్టారు "సరే, చూద్దాంలే" అన్నాడు.

ఆ సాయంత్రం తెర పక్కన కూర్చుని, నోటికొచ్చిన కథ చెప్పాడు. వంటింట్లో ఒకావిడ ఉత్తరం చదివి ఏడిస్తే, కొడుకు యుద్ధంలో పోయాడన్నాడు. హాల్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ కొడుకు మళ్ళీ తెరమీద కనిపించకపోవడం మాస్టారి అదృష్టం.

ఆట అయ్యాక ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"నా పేరు అమలమ్మండి. మాది యానాం. ఇక్కడ మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను."

యానాం అనగానే మాస్టారు గుమ్మం వైపు చూశాడు. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరని ఆయనే పిల్లలకు పాఠం చెబుతాడు. ఆవిడ గొంతు తగ్గించింది.

"కొడుకు పోలేదండి. తన పెళ్ళికి రావద్దని రాశాడు."

ఎవరైనా విన్నారేమోనని మాస్టారు చుట్టూ చూశాడు.

"నేనెవరితోనూ అనను లెండి. రేపట్నుంచి మీ పక్కన కూర్చుని చెవిలో చెబుతాను, మీరు మైకులో చెప్పండి. చిన్నప్పుడు బళ్ళో చదువుకున్న భాష. విని ఎన్నేళ్ళయిందో."

మిగతా నాలుగు రోజులూ అలాగే గడిచాయి. ఆవిడ మాట ఎంత పొందికగా ఉండేదంటే, నవ్వాల్సిన చోట హాలంతా నవ్వేది. ఆ నవ్వులు మాస్టారి ఖాతాలో పడేవి. ఆవిడెవరని నాసిర్ అడిగితే, "పాపం, కళ్ళు సరిగా ఆనవట, తెర దగ్గర కూర్చుంటానంది" అన్నాడు. అన్నాక తనమీద తనకే రోత పుట్టింది. రేపు నిజం చెప్పేద్దాం అనుకున్నాడు. పేరు చెప్పడం ఆవిడకి ఇష్టముండదేమోనని సర్దిచెప్పుకున్నాడు. ఆయన అడిగితే కదా తెలిసేది!

ఆఖరిరోజు మాస్టారికి శాలువా కప్పారు. నాసిర్ మంచివాడు, అమలమ్మను కూడా ముందుకు పిలిచాడు.

"కళ్ళు ఆనకపోయినా రోజూ వచ్చారు ఈ అమ్మగారు. మీకు సినిమాలు అర్థమయ్యాయాండీ?"

అమలమ్మ నాసిర్ వంక చూసింది. తర్వాత మాస్టారి వంక చూసింది, కాస్త ఎక్కువసేపే. ఆయన సిగ్గుపడి శాలువా అంచు సర్దుకున్నాడు.

"కళ్ళు ఆనవు కదా బాబూ," అందావిడ, "మాస్టారు చెబుతుంటే అర్థమైంది."

జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ మెట్లు దిగి, ఎవరి ఆసరా లేకుండా నడిచి వెళ్ళిపోయింది. నాసిర్ మైకు మాస్టారి చేతికిచ్చాడు. హాలు నిశ్శబ్దమైంది. ఆవిడ ఇంకా గుమ్మం దాటలేదు.

మాస్టారు అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.