వెనక ఎవరూ లేని ఆట

గోల్ఫ్ క్లబ్బులో బంతిని కొట్టేది తక్కువ, మర్యాద పాటించేది ఎక్కువ. చొక్కాకి కాలర్ ఉండాలి. ఆ చొక్కా ప్యాంటులోకి దోపి ఉండాలి. ఆటస్థలంలో ఫోను ఎత్తకూడదు. పక్కవాడు బంతి కొట్టేటప్పుడు తుమ్ము వచ్చినా మింగెయ్యాలి. అన్నిటికన్నా పెద్ద మర్యాద, వెనక వచ్చేవాళ్ళని ఆపకపోవడం. నెమ్మదిగా ఆడేవాళ్ళు పక్కకి తప్పుకుని, చెయ్యి ఊపి వాళ్ళని ముందుకి పొమ్మనాలి. ఈ రూల్సన్నీ కంఠతా వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. అందరూ ఆయన్ని గడియారం అనేవారు. చాటుగానే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవడికుంది?

ఆయన చాదస్తం రుచి ఆయన అల్లుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెళ్ళైన కొత్తలో, మామగారితో సరదాగా నాలుగు బంతులు కొడదామని పాపం గుండ్రటి మెడ చొక్కా వేసుకుని వెళ్ళాడు. మామగారు గుమ్మం దగ్గరే ఎగాదిగా చూసి, "అల్లుడుగారూ, కాలర్ ఇంట్లో మరిచిపోయినట్టున్నారు. వెళ్ళి తెచ్చుకోండి" అన్నారు. కొత్త అల్లుడన్న మొహమాటం కూడా లేదు! ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ అతను 'కాలర్ లేని అల్లుడు' అయిపోయాడు.

కాలం ఎవరి మాటా వినదు కదా. కాలర్ లేని అల్లుడు ఈ ఏడు క్లబ్బుకి కెప్టెన్ అయ్యాడు. గడియారానికి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది గానీ, కుడి చెయ్యీ కుడి కాలూ మొరాయించాయి. నెలల తరబడి ఆయన కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చునేవారు. తినమంటే తినేవారు, పడుకోమంటే పడుకునేవారు. ఎవర్నీ తిట్టడం కూడా మానేశారు. ఇంట్లోవాళ్ళని అన్నిటికన్నా హడలగొట్టింది అదే.

అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున్నే, "క్లబ్బుకి వెళ్దాం" అన్నారు.

అత్తగారు అల్లుణ్ణి వంటింట్లోకి పిలిచింది. "బాబూ, తనంతట తాను నోరు తెరిచి అడిగారు. ఇవాళ ఆ మనసు గనక విరిగిందో, మళ్ళీ గుమ్మం దాటరు. ఇక నీదే భారం" అంది.

"మీరు బెంగపెట్టుకోకండి అత్తయ్యా, నేను చూసుకుంటాగా" అన్నాడు అల్లుడు.

చూసుకోవడం కాస్త ఎక్కువైంది, అదే వచ్చిన చిక్కు. శనివారం పొద్దున క్లబ్బు కిటకిటలాడుతూ ఉంటుంది. వెనకనుంచి ఎవడైనా గొణిగితే? గడియారమే నెమ్మదించిందని ఎవడైనా కిసుక్కుమంటే? మామగారు తట్టుకోగలరా? మరి కెప్టెన్ హోదా ఉన్నది ఎందుకు! ఒక్కో గుంపునీ వరసగా ఆటకి పంపే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, "మా తర్వాత ఎవర్నీ వదలకు. మేం బాగా దూరం వెళ్ళేదాకా ఆపు" అని చెవిలో ఊదాడు.

ఈలోగా బట్టలు మార్చుకునే గదిలో మామగారు ఎడమ చేత్తో కుస్తీ పడుతున్నారు. "నేను దోపనా మామయ్యా?" అని అడిగితే, "నా చొక్కా నేను దోపుకోలేనా?" అన్నారు. చాలాసేపటికి బయటికొచ్చారు. కాలర్ తీరుగా ఉంది, టోపీ తీరుగా ఉంది. ఎడమ చేత్తోనే మొదటి బంతి కొట్టగానే చొక్కా వెనకవైపు ఊడి బయటికొచ్చేసింది. అల్లుడు చూశాడు. చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాడు.

బంతి దూరం పోలేదు. దాని వెనకే కర్ర ఊతంగా మామగారు నడిచారు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ నడిచారు. ప్రతి దెబ్బ తర్వాతా తల తిప్పి వెనక్కి చూస్తున్నారు. వెనక పచ్చగడ్డి తప్ప పురుగు లేదు. మూడో గుంత ఆట మొదలయ్యే చోట చెక్కబెంచీ మీద కూలబడ్డారు.

"అల్లుడూ, ఇవాళ శనివారమేనా?"

"అవునండీ."

"వానేమైనా పడుతోందా?"

"లేదండీ."

"మరి జనం ఏరయ్యా?"

"ఇవాళెందుకో పలచగా ఉన్నారు మామయ్యా."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. కారు పెట్టడానికి చోటు లేక ఎక్కడో చివర ఆపావు. నువ్వే ఆపించావు కదూ?"

"మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టకూడదనీ..."

"పెట్టాలయ్యా, తొందరపెట్టాలి! వెనక మనుషులుంటేనే నేను ఆటగాణ్ణి. లేకపోతే రోగిని. ఇంట్లో నేను నడుస్తుంటే అందరూ గోడకి అతుక్కుపోతారు. పోనీ ఒక్క పూట మనిషినవుదామని ఇక్కడికొస్తే, ఇక్కడా అంతేనా?" "పద. ఇంటికి పోదాం."

అత్తగారి మాట అల్లుడి చెవుల్లో గింగురుమంది. అయ్యో, మంచి చెయ్యబోయి ఎంత పని చేశాను అనుకున్నాడు. ఇంకేం తోచక జేబులోంచి ఫోను తీశాడు. గడియారం ఎదుట ఆటస్థలంలో ఫోను తీసి బతికి బట్టకట్టినవాడు లేడు. అయినా తీశాడు. "మా వెనక గుంపుని వదిలెయ్. ఇప్పుడే" అన్నాడు గుమాస్తాతో.

"ఛీ, కెప్టెనువై ఉండి ఫోనా? బుద్ధి లేదూ?" మామగారు గుడ్లురిమారు.

ఎన్ని నెలలైందో ఆ తిట్టు విని! అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. "తప్పే మామయ్యా. ఈ ఒక్క గుంపూ వచ్చేదాకా కూర్చోండి. ఆ తర్వాత మీ ఇష్టం."

నలుగురు ఆటగాళ్ళు వచ్చారు. బెంచీ మీద ఎవరున్నారో చూసి, దూరంగానే ఆగిపోయారు. గడియారం తన జన్మలో ఎవరికీ దారి ఇవ్వలేదు. ఆ అవసరం రానిచ్చేవారు కాదు, అంత చకచకా ఆడేవారు. అదే ఆయన గొప్ప.

మామగారు బెంచీ పట్టుకుని లేచారు. అల్లుడు పట్టుకోబోయి, తనను తానే ఆపుకున్నాడు. కుడి చెయ్యి పైకి లేవలేదు. ఎడమ చేత్తో టోపీ తీసి, గాల్లోకి ఎత్తి ఊపారు. రండి, మీరు ముందు పదండి అని.

వాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరూ "థాంక్యూ అండీ" అంటూ బంతి కొట్టారు. ఆఖరున కొట్టిన డాక్టరమ్మ మాత్రం ఆగి, "బాగున్నారా సార్? మీరు లేక క్లబ్బు..." అని మొదలుపెట్టింది.

"బాగానే ఉన్నాను గానీ, మీరిలా కబుర్లు చెబుతూ నిలబడితే మీ వెనకవాళ్ళ గతేం కాను? నడవండమ్మా!"

డాక్టరమ్మ నవ్వేసి పరుగులాంటి నడకతో వెళ్ళింది. మామగారు వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డారు. కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

"అల్లుడూ, నా చొక్కా వెనక ఊడింది కదూ?"

"... అవునండీ."

"ఎప్పుడు?"

"మొదటి దెబ్బకే."

"చూసి కూడా ఊరుకున్నావా? నువ్వు కెప్టెనువా! ఈ క్లబ్బు ఏమైపోతుందిరా దేవుడా!"

టోపీ పెట్టుకుని, అల్లుడి వైపు వీపు తిప్పి నిలబడ్డారు.

"దోపు. తొందరగా. వెనక ఇంకో గుంపు వస్తోంది."