పగటిపూట తలుపు తీసే మనిషి

భార్యకు ఊపిరి ఆడటం లేదని మా తమ్ముడు వెర్ల్ అరిజోనాకు మారిపోయాడు. అప్పటినుంచీ నాకు గుండెదడ. మా అబ్బాయి రాయ్స్‌ది బోర్లు వేసే కంపెనీ. దానికి రిజిస్టర్డ్ ఏజెంటు ఈ తమ్ముడే. ఎవరైనా దావా వేస్తే ఆ కాగితాలు అందుకోవడానికి పగలంతా ఇంటిపట్టున ఉండే మనిషన్నమాట. ఆ మనిషి మా వయోమింగ్‌లోనే ఉండాలి. లేకపోతే కంపెనీనే రద్దు చేస్తారు. అదే జరిగితే బడి బోరు పని రాయ్స్ చేతికి రాదు. కొత్త మనిషి పేరు ఇవ్వడానికి శుక్రవారమే గడువు.

"నీ పేరు పెట్టి పంపించేశానమ్మా" అన్నాడు వాడు.

పంపాడు, చిరునామా దగ్గర పోస్టాఫీసు పెట్టె నంబరు రాసి. మా ఊళ్ళో ఇంటికి ఉత్తరాలు రావు, అందరికీ ఆ పెట్టెలే. కాగితాలు తెచ్చేవాడు పెట్టె తలుపు కొడతాడా? రాష్ట్ర ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు.

"ఇంటి నంబరు రాయరా!"

"మనింటికి నంబరెక్కడిది? పశువుల గేటు దాటి ఎడమవైపని రాయనా?"

"రాసినా నేను పగలు బడి వంటగదిలో ఉంటానుగా. దావా కాగితాలతో షెరీఫ్ వచ్చి తలుపు కొట్టి పోతేనో?"

"నామీద దావా ఎవరేస్తారమ్మా?"

"వేసేవాళ్ళు నీకు చెప్పి వేస్తారా, మొద్దూ?"

నంబరున్న ఇంట్లో పగలంతా ఉండేది మార్లిస్ ఒక్కతే. ముందు గదిలో ఊరందరి జుట్టూ కత్తిరిస్తుంది. విడాకులయ్యేదాకా మా కోడలు.

"దాన్నా? చచ్చినా అడగను" అన్నాడు రాయ్స్.

"నువ్వు చావక్కర్లేదు, కంపెనీ చస్తుంది" అని నేనే వెళ్ళాను.

మార్లిస్ పగలబడి నవ్వింది. "వాడిమీద దావా వేసేవాళ్ళంతా నా గుమ్మంలోకొస్తారా అత్తయ్యా? కాఫీ ఇచ్చి కూర్చోబెడతా!"

దాని చెయ్యి పట్టుకున్నాను. "కాగితాలు చింపెయ్యవు కదా తల్లీ?"

"చింపను. వచ్చిన పూటే తెచ్చి వాడి చేతిలో పెడతా." ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసింది. "పగలు ఇంట్లో ఉండాలి, అంతేగా? కాపురం చేసినన్నాళ్ళూ ఉన్నాను. తలుపు తట్టనిది మీవాడే."

సంతకం చేసిన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

గురువారం మార్పు ఖాయమైంది. రాయ్స్ ఫోన్ చేశాడు. "చూశావా, ఊరికే కంగారుపడ్డావు!"

ఒళ్ళు మండింది. "పోయి దానికి ఒక మంచి మాట చెప్పిరా."

"పగలు పనుంటుందమ్మా."

"అది తలుపు తీసేది పగలే. పో!"

వెళ్ళాడు. ఇంకా రాలేదు. అసలే ఆ గది నిండా కత్తెరలు.