చేతులు మూసిన గౌన్లు

కుట్టుమిషను పెడల్ మునిగేదాకా మా కొట్లోకి నీళ్లొచ్చిన వరద ఏడాది అది. పట్టాలిచ్చే సభకు తొడుక్కునే నల్లగౌన్లు విశ్వవిద్యాలయం గోదాములో బురద పాలయ్యాయి. కొత్తవి కుట్టే పని నాకొచ్చింది.

ఆ సభ పెద్ద వయసులో చదువుకున్నవాళ్లది. అందులో మా ఆవిడ ఒకతె. ఇస్త్రీ బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టుకుని చదివింది. ఆ చదువుకి కొన్ని చొక్కాలు కాలాయి. నేనేమీ అనలేదు. మామూలుగానే ఏమీ అనను.

“ఇంటి తాళం మొదలు కరెంటు బిల్లు దాకా అన్నీ మీ చేతికే ఇస్తారు. ఈ పట్టా ఒక్కటి నా చేతికి రావాలి. విన్నారా?” అంది.

తలూపాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కోటు గాని గౌను గాని కుట్టడం అయ్యాక, వేలాడదీస్తే వంపు చెడకుండా, చేతుల చివరలు జంట దారంతో మూసేస్తాం. తీసుకెళ్లేవాళ్లు వచ్చాక వాళ్ల ముందే ఆ దారం కత్తిరించి ఇస్తాం. సభ రోజు నేను స్నానంలో ఉండగా అటెండరు వచ్చి గౌన్లన్నీ మూట గట్టుకుపోయాడు.

హాల్లో కూర్చున్నాక చూశాను. వరసల నిండా గౌన్లే, ఒక్క చెయ్యీ కనబడదు. అందరూ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తొడుక్కున్నారు. పెద్ద చదువుల బట్ట ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు. మా ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి నా కోసం వెతుకుతోంది. నేను వంగి చెప్పులు సర్దుకున్నాను.

చప్పట్లు కొట్టమన్నారు. దిండ్లు దులిపినట్టు చప్పుడైంది.

పట్టాకి ముందుగా ఒక బస్సు డ్రైవరుని పిలిచారు. పట్టాలిచ్చే వీసీగారి గౌనూ నేను కుట్టిందే. ఆయన రెండు మూసిన చేతుల మధ్య ఇరికించి ఇచ్చారు. ఈయన అలాగే ఇరికించుకోబోయాడు. పట్టా కింద పడింది. ఇద్దరూ వంగారు. తలలు ఠప్పుమన్నాయి.

“పరవాలేదు సార్, బస్సులో రోజూ తగిలేదే,” అన్నాడు డ్రైవరు.

తర్వాత మా ఆవిడ. తిన్నగా మైకు దగ్గరికెళ్లింది.

“ఏమండీ! ఎక్కడ నక్కారు? కత్తెర పట్టుకుని పైకి రండి!”

కత్తెర ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. ఎక్కాను. అక్కడ చేతులు కనబడుతున్న మనిషిని నేనొక్కణ్ణే. వీసీగారు ప్రాణం లేచొచ్చినట్టు పట్టా నాకు చాచారు.

“ముట్టుకున్నారంటే చూడండి!” అంది మా ఆవిడ.

చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తర్వాత ఆవిడ గౌను దారాలు కత్తిరించాను. వేళ్లు బయటికొచ్చాయి, చెమటతో తడిసి. పట్టా అందుకుంది. ఫొటో అయిపోయిందన్నా కదల్లేదు.

“ఒక్క ముక్కైనా అనరా?”

“బాగుంది,” అన్నాను. మైకులో పడింది. దిండ్లు మళ్లీ మోగాయి.

ఆ తర్వాత వరస ముందు నా దగ్గర ఆగి, ఆనక వీసీగారి దగ్గరికెళ్లింది. ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

“నావి కూడా కాస్త కత్తిరించవయ్యా. కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను.”

ఇంటికొచ్చినా మా ఆవిడ ఆ పట్టా కింద పెట్టలేదు. పట్టుకునే పడుకుంది, పట్టుకునే లేచింది.

మర్నాడు పొద్దున పొయ్యి నేనే వెలిగించి టీ పెట్టాను. ఆవిడకి చెయ్యి ఖాళీ లేదు.