సాక్ష్యానికి దాచిన ఉంగరం

యెహెజ్కేలు పెళ్ళికి బావమరిది చిట్టియ్య రాగి ఉంగరం పెట్టాడు. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు.

పెళ్ళయి నెల తిరక్కుండానే వేలి చుట్టూ నల్లటి చార పడింది. యెహెజ్కేలు ఉంగరం ఊడబెరికి భార్య ఒళ్ళో పడేశాడు. "మీ తమ్ముడి మనసులాగే ఉంది, తీసి దాచు" అన్నాడు. మిల్లులో గ్రీజు తగిలి నల్లబడి ఉంటుందని చిట్టియ్య సర్దబోయాడు. యెహెజ్కేలు నిడదవోలులో రైసుమిల్లు మెకానిక్కు. గ్రీజంటే ఏమిటో, రాగి అంటే ఏమిటో ఆయనకి ఇంకొకడు చెప్పనక్కర్లేదు.

అప్పటినించీ ఆ మాట ఆయన నోట నానుతూనే ఉంది. పుట్టినరోజు ప్రార్థనల్లో చెప్పాడు. క్రిస్మస్ భోజనాల్లో విస్తరి ముందు చెప్పాడు. మామగారి సమాధిలో మట్టి వేస్తూ పక్కవాడికి చెప్పాడు. భార్య రూతు చనిపోయాక కూడా మానలేదు. వినేవాళ్ళలో ఒకరు తగ్గారు, అంతే.

పెళ్ళయిన కొన్నేళ్ళనించీ, తను ఉన్నన్నాళ్ళూ, రూతు ప్రతి పెళ్ళిరోజునా ఒక రేకు డబ్బా పట్టుకొచ్చేది. "ఒక్కసారి వేలికి పెట్టి చూడండి. మంచిదేనండి" అనేది.

"చింతపండు పెట్టి తోమితే రాగి మెరుస్తుంది గానీ బంగారం అవదు" అనేవాడు యెహెజ్కేలు, డబ్బా వైపు చూడకుండానే. ఆమె మూత పెట్టి తీసుకుపోయేది. ఆమె తరవాత ఆ డబ్బా ఆయన పెట్టెలోకి చేరింది. పారెయ్యలేదు. నేరం చేసినవాడు బతికుండగా సాక్ష్యం ఎవడు పారేస్తాడు?

ఇప్పుడు కూతురు ఆశాజ్యోతికి పెళ్ళి కుదిరింది. పిల్ల రాజమండ్రిలో నర్సు. పెళ్ళికొడుకు విజయ్ పాల్ కరెంటు లైన్‌మన్. వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకు వేలికి తొడిగే ఉంగరం పెళ్ళికూతురి మేనమామ గానీ, అన్న గానీ, తమ్ముడు గానీ చేయించాలి. పిల్లకి అన్నదమ్ములు లేరు. ఉన్న మేనమామ చిట్టియ్య ఒక్కడే.

కబురు తెలిసిన మర్నాడే చిట్టియ్య ఆత్రేయపురం పూతరేకుల పెట్టె చంకన పెట్టుకుని దిగాడు.

"బావగారండీ, పెళ్ళికొడుకు ఉంగరం నాది!"

"ఒకటి పెట్టావుగా. చాలు" అన్నాడు యెహెజ్కేలు.

"నాన్నా!" అంది ఆశాజ్యోతి. "అమ్మ తరఫున నాకున్నది మావయ్య ఒక్కడు. ఆయనకాక ఇంకెవరు పెడతారు?"

యెహెజ్కేలు పూతరేకు మడత విప్పి, లోపల బెల్లం ఉందో లేదో చూసుకుని, నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు.

"సరే. రాజమండ్రిలో నగల షాపుకి ఎలాగూ వెళ్తున్నాం. బంగారమో కాదో చెప్పే మిషను ఉంటుందట అక్కడ. ముందు నీ పాత ఉంగరం అందులో పెడదాం. బంగారమని వస్తే కొత్తది నువ్వే చేయించు, గుళ్ళో ముందు బెంచీలో కూర్చో. రాగి అని వస్తే పెళ్ళినాడు గుడిమెట్టు ఎక్కకు."

చిట్టియ్య మొహంలో రంగు పోయింది. "ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకండీ ఇదంతా..."

"మంచిదైతే భయం ఎందుకు?"

ఆశాజ్యోతి మేనమామ మొహంలోకి చూసింది. కాదను, నాన్నని ఒప్పిస్తాను అన్నట్టు తల అడ్డంగా ఊపింది కూడా. కానీ చిట్టియ్యకి వెనక్కి తగ్గే దారి కనపడలేదు. తగ్గితే ఒప్పుకున్నట్టే.

"ఆయ్. అలాగేనండి" అన్నాడు, గొంతులో పూతరేకు అడ్డం పడ్డవాడిలా.

శనివారం ముగ్గురూ పాసింజరు ఎక్కారు. చిట్టియ్య కిటికీ పక్కన కూర్చుని గోదావరి వచ్చేదాకా చెమటలు తుడుచుకున్నాడు. బ్రిడ్జి మీద అందరూ చిల్లర నాణేలు నీళ్ళలోకి విసురుతుంటే, తనూ జేబులో చెయ్యి పెట్టబోయి, బావగారు చూస్తున్నాడని మానుకున్నాడు. వాళ్ళు లూథరన్లు. గోదావరికి నాణేలు వేసే అలవాటు లేదు. బావగారు చూడకపోతే ఆ రోజే మొదలయ్యేది.

షాపు దగ్గర విజయ్ పాల్ ఎదురొచ్చాడు. లోపల దుర్గాశ్రీ అనే అమ్మాయి కౌంటర్లో ఉంది. చలాకీ పిల్ల. పెళ్ళి ఉంగరాలనగానే తెల్లగా మెరిసే జత ఒకటి తీసి నల్ల గుడ్డ మీద పెట్టింది.

"ప్లాటినమండి. ఇప్పుడందరూ ఇదే తీసుకుంటున్నారు."

"వెండిలా ఉంది" అన్నాడు యెహెజ్కేలు.

"వెండి కన్నా చాలా ఎక్కువండి."

"ఎక్కువని నీకు తెలుసు, నాకు తెలుసు. గుళ్ళో వెనక బెంచీవాళ్ళకి ఎవడు చెప్తాడు? వెండి పెట్టాడంటారు. తియ్యి."

"పోనీ వెండే తీసుకుందాం నాన్నా, సింపుల్‌గా ఉంటుంది" అంది ఆశాజ్యోతి, ఉడికించడానికి.

"నల్లబడుద్ది. నల్లబడే ఉంగరం మన ఇంట్లో ఒకటి ఉంది."

చిట్టియ్య గోడమీది కేలెండరు చదవడం మొదలుపెట్టాడు.

విజయ్ పాల్ కొంచెం మొహమాటంగా, "టైటానియం అని ఒకటుందండి మావయ్యగారూ. గీతలు పడవు, బరువుండదు" అన్నాడు.

"అవునండి, విమానాలకి వాడతారు" అంది దుర్గాశ్రీ.

"ఈయన ఎక్కేది స్తంభం. విమానం కాదు" అన్నాడు యెహెజ్కేలు.

"అసలు డ్యూటీలో ఏ ఉంగరమూ పెట్టుకోకూడదండి. కరెంటు కదా. మావాళ్ళు కొందరు రబ్బరుది పెట్టుకుంటున్నారు."

 యెహెజ్కేలు నెమ్మదిగా అన్నాడు: "రబ్బరు ఉంగరం. పాస్టరుగారు బైబిలు మీద పెట్టి ప్రార్థన చేస్తారు. దేవుడు పైనించి చూసి, మిల్లు బెల్టు ముక్క అనుకుంటాడు."

దుర్గాశ్రీ నవ్వు ఆపుకోలేక గుడ్డ సర్దింది. "అయితే బంగారమేనండి. రోజూ వాడకానికి పద్దెనిమిది కేరట్లు గట్టిగా ఉంటుంది. లేదా ఇరవై రెండు."

"రాగి కలపకుండా ఇవ్వు."

"అలా కుదరదండి. ఉత్త బంగారం మెత్తన. నొక్కితే వంగిపోతుంది. ఏ ఉంగరంలోనైనా కొంచెం రాగో వెండో కలపాల్సిందేనండి."

యెహెజ్కేలు చిట్టియ్య వైపు తిరిగాడు. "విన్నావా? కొంచెం."

అని, సంచీలోంచి రేకు డబ్బా తీసి కౌంటరు మీద పెట్టాడు. మూత తీశాడు. పాత చేతిరుమాల్లో చుట్టిన ఉంగరం. మధ్యలో చిన్న శిలువ గీత. "దీన్ని మిషన్లో పెట్టమ్మా. అందరికీ వినపడేలా చెప్పు."

ఆశాజ్యోతి మేనమామ పక్కకి వెళ్ళి నిలబడింది. మిషను చిన్న ఓవెన్‌లా ఉంది. దుర్గాశ్రీ ఉంగరం లోపల పెట్టి తలుపు మూసింది. తెర మీద అంకెలు వచ్చాయి.

"ఇరవై రెండు కేరట్లు. బంగారమేనండి."

"పైపూత" అన్నాడు యెహెజ్కేలు.

దుర్గాశ్రీ వాదించలేదు. ఉంగరం లోపలివైపు ఆకురాయితో చిన్న గాటు పెట్టి, పూత ఉంటే కింద రంగు మారుతుందని చూపించి, మళ్ళీ లోపల పెట్టింది. అంకె మారలేదు.

"లోపలా బయటా ఒకటేనండి. మంచి బంగారం."

ఆశాజ్యోతి చప్పట్లు కొట్టబోయింది. విజయ్ పాల్ హమ్మయ్య అనుకున్నాడు. ఆ షాపులో ఆ మాట నమ్మనివాళ్ళు ఇద్దరే ఉన్నారు. మొదటివాడు యెహెజ్కేలు. రెండోవాడు నోరు తెరిచాడు.

"బంగారమా?" అన్నాడు చిట్టియ్య. "అదెలా అవుద్దండీ? మిషను పాడైందేమో చూడమ్మా! సగానికి సగం రాగి కలపమని కంసాలితో నేనే కదా..."

అక్కడ ఆగాడు. ఆగినా లాభం లేదు. రావలసింది వచ్చేసింది.

ముందు నవ్వింది విజయ్ పాల్. "గెలిచిన కేసు మీరే ఓడిపోయారు కదండీ!"

యెహెజ్కేలు కౌంటరు మీద అరచేత్తో చరిచాడు. పక్కన నెక్లెసులు చూస్తున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "విన్నారా? అందరూ విన్నారా? మిగుల్చుకున్న సగం బంగారం ఏం చేశావురా?"

"గడియారం కొనుక్కున్నానండి" అన్నాడు చిట్టియ్య, నేల చూస్తూ. "పెళ్ళిలో పెట్టుకుందామని."

"అదీ! పెళ్ళి ఫొటోలో చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి నిలబడితే, ఎండకి అనుకున్నాను!"

యెహెజ్కేలుకి ఒళ్ళంతా తేలికైంది. పెళ్ళి తరవాత అంత సంతోషం ఆయనకి ఇదే. ఇంకా ఏదో అనబోయాడు. దుర్గాశ్రీ అర్థంకాక ఉంగరం చేతిలో తిప్పుతూ అడిగింది:

"అయితే మరి ఇదేంటండి?"



ఆశాజ్యోతి ఉంగరం తీసుకుని వెలుతురులో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"నాన్నా, నేను చిన్నప్పుడు ఒకసారి మీరు మధ్యాహ్నం మిల్లునించి వచ్చి నిద్రపోతున్నారు. అమ్మ మీ వేలికి దారం చుట్టి కొలత తీసింది. నేను ఏంటమ్మా అంటే, నోటిమీద వేలు పెట్టింది. నాన్న లేస్తారు, మాట్లాడకు అంది. నాకిప్పటిదాకా గుర్తే రాలేదు."

"అయితే?"

"అమ్మ కమ్మలు కాలవ రేవులో పోయాయని మీరు తిట్టింది ఆ సంవత్సరమే కదా."

తిట్టాడు. యెహెజ్కేలుకి బాగా గుర్తుంది. బట్టలు ఉతుకుతుంటే రెండు కమ్మలూ ఒక్కరోజే ఎలా పోతాయే అని అడిగాడు. తమ్ముడి చేతిలో పెట్టావా అని కూడా అడిగాడు. ఆమె తడిబట్టలు దండెం మీద ఆరేసింది. నీ చెవులకి గిల్టువి చాలు అన్నాడు. ఆమె గిల్టువే పెట్టుకుంది. ఏడాదికోసారి అవి నల్లబడేవి. సంతలో ఇంకో జత కొనుక్కునేది. పోయేదాకా అంతే. తన వేలి మీది చార లోకానికంతా చూపించాడు గానీ, ఆ చెవుల వైపు ఆయన ఎప్పుడూ చూడలేదు.

మంచిదేనండి అంది. పెట్టి చూడండి అంది.

దుర్గాశ్రీ కుర్చీ జరిపింది. యెహెజ్కేలు కూర్చోలేదు. కూతురి చేతిలోంచి ఉంగరం తీసుకుని వేలికి పెట్టాడు. కణుపు దగ్గర కూడా ఆగలేదు. దారం పెట్టి కొలిచిన ఉంగరం కొలిచినట్టే దిగింది.

చిట్టియ్య కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం వైపు నడిచాడు. "మాట ప్రకారం పెళ్ళికి రానులెండి బావగారండీ. బయటినించి దీవిస్తాను."

"ఆగు" అన్నాడు యెహెజ్కేలు. "మిషను ఏమంది?"

"బంగారమందండి."

"పందెం మిషను మాట మీద. నీ మాట మీద కాదు. ముందు బెంచీలో కూర్చో."

"క్షమించారా బావగారూ?"

"లేదు. ఉంగరం ఇక్కడే చేయించు, నా ఎదురుగా. ఈసారి గడియారం కొనుక్కోకు."

ఆశాజ్యోతి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు గానీ, ఆమె వైపు చూడలేదు. దుర్గాశ్రీ వైపు తిరిగి, "ఇరవై రెండు కేరట్లు. శిలువ గీత ఇలాంటిదే. ఇద్దరికీ" అన్నాడు. ఏ లోహమన్న చర్చ అంతటితో ముగిసింది. తరవాత విజయ్ పాల్‌తో అన్నాడు:

"స్తంభం ఎక్కేప్పుడు తీసెయ్యి. దిగగానే పెట్టుకో. డబ్బాలో మాత్రం పెట్టకు."

"అలాగేనండి" అన్నాడు విజయ్ పాల్. ఈసారి నవ్వలేదు.

సాయంత్రం పాసింజరులో నిడదవోలు తిరుగుముఖం పట్టారు. కొవ్వూరు దాటేదాకా చిట్టియ్య నోరు అదుపులో పెట్టుకున్నాడు. ఆ తరవాత వాడివల్ల కాలేదు.

"బావగారండీ, ఒక్క మాట. ఆ రాగి ఉంగరాన్ని మా అక్క ఏం చేసి ఉంటుందంటారు?"

యెహెజ్కేలు కిటికీలోంచి చేలు చూస్తున్నాడు. చెయ్యి ఊచ మీద ఉంది, ఉంగరం వేలికి ఉంది.

"ఆ సంగతి ఇక ఎత్తకు" అన్నాడు. "పెళ్ళిలో ఎత్తకు, నేను పోయినప్పుడు ఎత్తకు. నేనూ ఎత్తను. ఎవడు అడిగినా చెప్పను."