కల్వర్టు దగ్గర ఆగిన బండి

నేను ఒక ఇల్లుగా పుట్టలేదు. మంచం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీకి పువ్వుల గుడ్డ అమర్చి మనుషులే నన్ను ఇల్లన్నారు. నిజానికి నేను వ్యాను బండిని. ఇప్పుడు నా టైర్లలో గాలి లేదు. ఇరుసుల కింద రాళ్లు పేర్చి నన్ను లంబసింగి దారిలో ఒక కల్వర్టు పక్కన నిలబెట్టారు. పొద్దున్నే మంచు నా రేకుల మీంచి బొట్లు బొట్లుగా కారుతుంది. ఇక్కడికి ఎలా వచ్చానో, ఎందుకు ఉండిపోయానో చెబుతాను.

ముందు ఒక మాట. నా దీపాలు ముందుకే చూస్తాయి. నా కడుపులో ఎవరు కూర్చున్నారో నాకు కనపడదు. బరువును బట్టి, చప్పుళ్లను బట్టి, తర్వాత వాళ్లు చెప్పుకునే మాటలను బట్టి పోల్చుకుంటాను. నా కింద కమాన్ కట్టలున్నాయి, వంచిన ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి. ఎవరెక్కినా ముందు వాటికే తెలుస్తుంది. మనిషి మొహం మార్చుకోగలడు, మాట మార్చుకోగలడు. తన బరువు మోపే తీరు మాత్రం మార్చుకోలేడు.

నా ఒళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో తయారైంది. నా వీపు రేకు కొట్టినవాడు కొడుతున్నంతసేపూ పెళ్లిపాటలు పాడాడు. దాంతో నేను పెళ్లివారిని మోస్తానని అనుకున్నాను. కానీ నన్ను విశాఖపట్నంలో ఒక ధర్మసంస్థ కొనుక్కుంది. తెల్లరంగు వేసి, వెనక సీట్లు పీకేసి, పొడవాటి స్టీలు బల్ల బిగించారు. ఆస్పత్రిలో పోయినవాళ్లను మన్యంలో ఊళ్లకు చేర్చడం నా పని. బతికున్నవాళ్లు ఒకరినొకరు తోసుకుని వెళ్లే రోడ్డు మీద నాకు మాత్రం అందరూ దారి ఇచ్చేవారు. లారీవాళ్లు కూడా దండం పెట్టేవారు. అంత మర్యాద చేసినవాళ్లలో ఒక్కడూ నన్ను ఆపి ఎక్కుతానని అడగలేదు.

డ్రైవరు పోలయ్యకు ఒక పట్టింపు ఉండేది. పాడె మోసేటప్పుడు సగం దారిలో కిందికి దింపి, పోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు కదా, దింపుడు కళ్లెమని. ఏమో, ప్రాణం ఏ మూలనైనా ఉందేమో, పలుకుతారేమోనని ఆఖరి ఆశ. కారులో తెచ్చినా బండిలో తెచ్చినా ఆ ముచ్చట తీరాల్సిందే అనేవాడు పోలయ్య. ఘాట్ ఎక్కాక ఈ కల్వర్టు దగ్గర నన్ను ఆపేవాడు. వెనక తలుపు కీచుమంటూ తెరిచేవాడు. "వరస పెట్టి కాదు, పేరెట్టి పిలండి. నాన్నా అంటే ఏ నాన్న పలకాల?" అనేవాడు. వాళ్లు పిలిచేవారు. నేను వినేదాన్ని. ఎవరూ పలకలేదు.

ఒక్కరిని మాత్రం పిలవనే లేదు. మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడి పోయినవాడు. భారీ మనిషి, భుజాల దగ్గర బరువెక్కువ. పేరు సింహాచలం. ఈ వైపు అప్పన్న దయవల్ల వీధికొక సింహాచలం ఉంటాడు. వెంట అతని పెళ్లాం గంగులమ్మ తప్ప ఎవరూ రాలేదు. పోలయ్య తలుపు తెరిచి పక్కకు జరిగాడు.

"పిలు తల్లీ."

"మొగుడి పేరు నోట ఎట్టకూడదు బాబూ," అంది గంగులమ్మ.

"ఇంకా ఏ ఆయుష్షు తగ్గుద్దని?"

ఆమె నా తలుపు పట్టుకుని ఒంగింది. పెదవులు కదిపింది. మాట రాలేదు. పోలయ్య కాసేపు చూసి తలుపు వేశాడు. ఊళ్లో నలుగురూ ఆ మనిషిని దింపుకున్నారు. నా కమాన్లు పైకి లేవాలి. లేచాయి, కానీ మునుపటంత లేవలేదు. పాతబడ్డానేమో అనుకున్నాను.

కొన్నేళ్లకు ఆ సంస్థ కొత్త బండి తెచ్చుకుని నన్ను అమ్మేసింది. కొన్నాయన పేరు కూడా సింహాచలమే. నేను చెప్పాను కదా, వీధికొకడు. ఓడల మరమ్మతు యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. సన్నగా, ఎండుచేపలా ఉండేవాడు. భార్య నూకరత్నం. పిల్లలు లేరు. రెండు పిల్లులున్నాయి. ఎర్రది బెల్లం, నల్లది మసి. వాటిని వదల్లేక ఆ దంపతులు ఏ పెళ్లికి వెళ్లినా రాత్రికి ఇల్లు చేరేవారు. చివరికి ఇంటినే వెంట తీసుకెళ్దామని నన్ను తెచ్చుకున్నారు.

"ఇది ఏం బండి మావా ఇంతకుముందు?" అని ఆమె అడిగితే, "ఆస్పత్రికి మందులు తెచ్చే బండి," అన్నాడు ఆయన. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన బరువు కుడికాలి మీదికి మారింది.

స్టీలు బల్ల తీసి, అదే చోట మంచం కట్టాడు. పిల్లులు దూరి పోకుండా నా ఒంటిమీద ఉన్న ప్రతి సందునూ రబ్బరుతో, మైనంతో మూసేశాడు. "ఓడకు అతుకేసిన చెయ్యి. చీమ దూరదు, గాలి దూరదు," అని చాటుకున్నాడు.

బెల్లం ఎక్కగానే మంచం మధ్యలో పడుకుంది. మసి మాత్రం గడపలో కూర్చుని మంచం వైపు చూసింది. ఎత్తి వేసినా దిగిపోయింది. ఆ తర్వాత కూడా అది ముందు సీటు కింద పడుకునేది, మొహం వెనక్కు తిప్పి.

"దానికి ఎవరో కనపడతన్నట్టు చూస్తాదేటి?" అంది రత్నం.

"ఎలకేమో."

"చీమ దూరదన్నావు, ఎలక దూరిందా?"

వాళ్ల ప్రయాణానికి కారణం వింటే మీకు నవ్వొస్తుంది. ఆయన బతుకంతా ఓడల అడుగున, నిప్పురవ్వల మధ్య, చెమటలో గడిచింది. ఒక్కసారి చలి చూడాలి. బీడీ లేకుండా నోట్లోంచి పొగ రావాలి. అది చూసి పోతే చాలని అనేవాడు. రత్నం "పోయే మాట ఎందుకు, చూసి వద్దాం" అనేది. పుష్యమాసంలో బయలుదేరారు. పెట్రోలు బంకులో ఒకతను మసిని చూసి మొహం చిట్లిస్తే రత్నం అంది: "లోకులకి పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆగిపోద్ది. మాకు పిల్లులెక్కితేనే బండి కదుల్తాది."

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాము. సాయంత్రం ఈ కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆగింది. ఆయన ఆపలేదు. నేనే ఆగాను. అలవాటు.

కల్వర్టు పక్కన ఒక టీ పాక ఉంది. ఆయన నా వెనక తలుపు తెరవగానే కీచుమంది. పాకలో టీ వడగడుతున్న మనిషి చెయ్యి ఆగిపోయింది. గంగులమ్మ. జుట్టు నెరిసింది. నా రంగు మారినా తలుపు గొంతు ఆమె మరచిపోలేదు.

"ఈ బండి ఎక్కడిదమ్మా?" అని అడిగింది, దగ్గరికి రాకుండా.

"ఆస్పత్రిదంట. మందుల బండి," అంది రత్నం.

"ఆస్పత్రిదే," అంది గంగులమ్మ. టీ గ్లాసులు తెచ్చి, చేతికి ఇవ్వకుండా గట్టు మీద పెట్టి వెళ్లింది.

తెల్లవారింది అనడానికి గుర్తు చీకటి తెల్లబడటమే. మంచులో నా ముందు చక్రాలు కూడా నాకు కనపడలేదు. ఆలుమగలిద్దరూ దుప్పట్లు కప్పుకుని బయట నిలబడి ఒకరి మొహం మీద ఒకరు ఊదుకున్నారు. తెల్లటి పొగ. "నాదే పెద్దది," అన్నాడు ఆయన. "నోరు పెద్దది కదా మరి," అంది ఆమె. నేను మోసిన మనుషుల్లో అంతగా నవ్వినవాళ్లు వాళ్లే.

ఆమె పాలకోసం పాక దగ్గరికి వెళ్లింది. ఆయన లోపలికి వచ్చాడు. బెల్లం వణుకుతోంది. బొగ్గుల కుంపటి అంటించి మంచం దగ్గర పెట్టాడు. పిల్లులు మంచులోకి పోతాయని తలుపు వేశాడు. ఒక్క సందు కూడా లేదు, ఆయనే మూశాడు కదా. పిల్లిని ఒళ్లో పెట్టుకుని మంచం మీద ఒరిగాడు.

నాకు తెలిసింది. కూర్చున్న మనిషి బరువు కదులుతూ ఉంటుంది. పడుకున్న మనిషిది కూడా ఊపిరితో కొంచెం లేస్తుంది, దిగుతుంది. ఆయనది మెల్లగా కదలడం మానేసింది. అలాంటి బరువులు నాకు కొత్త కాదు. అరవడానికి నాకు హారను ఉంది కానీ నొక్కే చెయ్యి కావాలి.

మసి తలుపును గీరింది. ఆగకుండా గీరింది. పాలగిన్నెతో వస్తున్న రత్నం అది విని, "ఆగవే, తెస్తన్నాను," అంటూ తలుపు తీసింది. మసి ఆమె కాళ్ల మధ్య నుంచి దూకి పారిపోయింది. బెల్లం తూలుతూ వచ్చి గడప దగ్గర పడింది. రత్నం లోపలికి చూసి గిన్నె వదిలేసింది.

గంగులమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఆయన్ని కాళ్లు, భుజాలు పట్టి బయటికి లాగి నేలమీద పడుకోబెట్టారు. సరిగ్గా పోలయ్య పేర్లు పిలిపించే చోటే. ఫోనుకు సిగ్నలు అందలేదు. రోడ్డు మీద ఏ బండీ లేదు.

"మావా, మావా," అంటూ రత్నం చెంపలు తడుతోంది.

"మావలు లోకంలో సేనామంది," అంది గంగులమ్మ. "పేరెట్టి పిలు. సెవిలో."

"నా నోట ఎప్పుడూ రాలేదు. ఆయుష్షు తగ్గుద్దంటారు."

"నానూ అదే అనుకున్నాను. ఇదే కల్వర్టు కాడ, ఈ బండి తలుపు పట్టుకుని. ఇది మందుల బండి కాదమ్మా. నా మనిషిని తెచ్చిన బండి. నాను పిలవలేదు. ఇంకా ఆ సంగతే గుర్తొస్తాది నాకు, రోజూ. నువ్వు పిలు."

రత్నం ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపు నా రేకులకు తగిలింది. తర్వాత ఆయన చెవి దగ్గరికి ఒంగింది.

"సింహాచలం," అంది, గుడిలో గొణిగినట్టు.

గంగులమ్మ ఉలిక్కిపడింది, తన మనిషి పేరే అది. అప్పటిదాకా రత్నం ఆయన్ని మావా అని పిలవడమే ఆమె విన్నది.

"సింహాచలం," అని రత్నం అరిచింది. మంచు ఆ పిలుపును మింగేసింది.

మూడోసారి పిలిచినప్పుడు రెండు గొంతులు వినిపించాయి. గంగులమ్మ నేలమీద కూలబడి తన జీవితంలో మొదటిసారి ఆ పేరు పలికింది. ఆమె ఎవరిని పిలిచిందో ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

ఆయన ఛాతీ ఎగిరింది. కళ్లు తెరిచాడు. రత్నం వైపు చూడలేదు. గంగులమ్మనే చూస్తూ, లావుపాటి గొంతుతో, మన్యం యాసలో అన్నాడు: "అల్లం ఎయ్యలేదేటి గంగులూ, టీలో?"

తర్వాత ఆయన దగ్గాడు, వాంతి చేసుకున్నాడు, తన గొంతుతోనే, "ఏటే రత్నం, నన్ను నేలమీద పడేశారేటి?" అన్నాడు. ముందు అన్న మాట ఆయనకు గుర్తులేదు.

రత్నం ఆయన్ని తిట్టింది. మందుల బండా అని తిట్టింది. కుంపటి ఎత్తి కల్వర్టు కింద పారేసింది. ఆ తిట్లు వింటూ ఆయన నవ్వుతున్నాడు, ఆమె ఏడుస్తోంది. పొద్దెక్కాక కిందికి, ఆస్పత్రికి బయలుదేరదామన్నారు. పిల్లుల్ని వెతికి ఎక్కించుకున్నారు. నేను కదిలాను.

కదిలానే గానీ, ఇద్దరి బరువు కాదది. వెనక, మంచం మీద, భుజాల దగ్గర బరువెక్కువగా ఇంకొకరున్నారు.

"బండి బరువుగా లాగతంది," అన్నాడు ఆయన. రత్నం వెనక్కు తిరిగి చూసింది. మంచం ఖాళీగా ఉంది. మసి మొదటిసారి దాని మీదికి ఎక్కి, నడుమ చోటు వదిలి, ఒక పక్కకు ఒదిగి పడుకుంది.

"వెనక్కి తిప్పు," అంది రత్నం.

"ఎందుకేటి?"

"తిప్పు సింహాచలం," అంది. అలవాటైపోయింది అప్పటికే. ఆయన స్టీరింగు తిప్పాడు.

పాక ముందు ఆగాము. రత్నం సంచులు దింపింది. బెల్లాన్ని బుట్టలో పెట్టింది. మసిని పిలిచింది. అది రాలేదు, ఆమె బలవంతం చెయ్యలేదు. తాళంచెవి గంగులమ్మ చేతిలో పెట్టింది.

"మీ మనిషిని మీరుంచుకోండి వదినా. నా మనిషిని నేను తీసుకుపోతాను."

గంగులమ్మ తాళం వైపు, నా వైపు చూసింది. భయపడింది. అయినా వేళ్లు మూసింది.

వాళ్లు బస్సెక్కేముందు రత్నం భర్త భుజాలను రెండు చేతులతో నొక్కి చూసింది, సంతలో కోడిని చూసినట్టు. సన్నగానే ఉన్నాడు. తృప్తి పడి ఎక్కింది.

ఆ మైనం, రబ్బరు గంగులమ్మ పీకేసింది. ఇప్పుడు గాలి నాలోంచి అటూ ఇటూ పోతుంది. పక్క రేకు కోసి టీ కొట్టుకు కిటికీ పెట్టుకుంది. రాత్రి ముందు సీటు మీద పడుకుంటుంది. మంచం జోలికి పోదు. చలి చూడటానికి వచ్చేవాళ్లు నా ముందు నిలబడి నోట్లోంచి పొగ వదులుతూ ఫొటోలు దిగుతారు. ఒక గ్లాసు టీ ఎప్పుడూ మంచం అంచున ఎందుకు ఉంటుందని కొందరు అడుగుతారు. పిల్లికని చెబుతుంది. పిల్లికి అల్లం టీ ఏమిటని వాళ్లు నవ్వుకుంటారు.

మంచు బాగా పట్టిన పొద్దుల్లో, ఎవరూ రాకముందు, గంగులమ్మ నా వెనక తలుపు తెరుస్తుంది. ఇప్పుడు ఆమెకు సిగ్గు లేదు. పేరు మూడుసార్లు పిలుస్తుంది. మసి పక్కకు జరుగుతుంది. నా వెనక కమాన్లు కొంచెం కుంగుతాయి.

ఆ బరువు నేను మోసిందే. అప్పుడు మోసినప్పుడు కదల్లేదు. ఇప్పుడు ఒత్తిగిలుతోంది.